ముందు ఆ కండువా తీసేయండి

అమ్మా, మీరు అడిగింది ఒక ప్రశ్నలా ఉంది గానీ అందులో రెండున్నాయి. ముందు వాటిని నా మాటల్లో చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. ఎం.ఎఫ్.ఏ. (చిత్రకళలో పీజీ) రెండో ఏడాదిలో జింకు ప్లేటు మీద ఒక ఎచింగ్ (రేకు మీది గీతల్ని యాసిడ్ తినేలా చేసి, సిరా పట్టించి కాగితం మీద అచ్చుతీసే బొమ్మ) చేశారు. కుర్చీలో గాడిద, మెడలో కండువా, ముందు మైకు, కింద గొర్రెల మంద, కుర్చీ వీపు మీద ‘ప్రజాస్వామ్యం’ అన్న అక్షరాలు. మీ మాస్టారు చూసి, “గాడిద చాటున దాక్కోవడమెందుకు, చెప్పదలచుకున్నది సూటిగా చెప్పలేవా?” అన్నారు. స్నేహితులు “మీమ్‌లా ఉంది” అని నవ్వారు. మీకు కోపమొచ్చింది. అన్యాపదేశం, అంటే ఒకరి పేరు చెప్పి ఇంకొకరికి తగిలేలా చెప్పడం, భయంతో చేసే పనేనా అన్నది మీ మొదటి ప్రశ్న. స్పెయిన్ చిత్రకారుడు గోయా గీసిన గాడిదలు గొప్పవై, మీ గాడిద మీమ్ ఎందుకైందన్నది రెండోది.

నేను నలభై ఏళ్లుగా యాసిడ్ వాసన పీలుస్తున్న మనిషిని. మొహమాటం లేకుండా చెబుతాను. మీ గొర్రెల ఉన్నిలో ఆక్వాటింట్ (గీతలతో కాకుండా నీడలతో బొమ్మ తెచ్చే ఎచింగ్ పద్ధతి) చాలా బాగా పండింది, ఆ బూడిదరంగు మెత్తదనం అందరి చేతికీ రాదు. బొమ్మ మాత్రం నిలబడలేదు. మీ స్నేహితులు అన్నది నిజమే, మీ మాస్టారు అన్నది సగం నిజం.

గోయా పేరెత్తారు కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడదాం. 1799 ఫిబ్రవరి 6న మాడ్రిడ్‌లో ‘దియారియో దె మాద్రిద్’ అనే పత్రికలో ఒక ప్రకటన వచ్చింది. ఫ్రాన్సిస్కో గోయా చెక్కిన ఎనభై ప్రింట్ల సంపుటం అమ్మకానికుంది, వెల 320 రియాల్లు అని. ఎక్కడ దొరుకుతుందంటే, దెసెంగాన్యో వీధి ఒకటో నంబరులో, అత్తర్లూ సారాయీ అమ్మే కొట్లో. ఆ కొట్టు గోయా ఉంటున్న ఇంటి కిందే. దెసెంగాన్యో అంటే స్పానిష్‌లో భ్రమ తొలగడం. వీధి పేరు కాకతాళీయమే, కానీ ఇంతకంటే బాగా కుదిరే పేరు కావాలని పెట్టినా దొరకదు.

ఆ సంపుటమే ‘లోస్ కాప్రిచోస్’. అప్పటికి గోయాకు యాభై మూడు నడుస్తోంది. ఆరేళ్ల కిందట పెద్ద జబ్బు చేసి చెవులు పూర్తిగా పోయాయి. రాజాస్థానంలో కొలువుంది, రాజుగారి బొమ్మలూ రాణిగారి బొమ్మలూ వేస్తున్నాడు. అదే ఏడాది అక్టోబరులో ఆస్థాన ప్రథమ చిత్రకారుడి పదవి కూడా వచ్చింది. పగలు దర్బారు వాళ్ల జరీ బట్టలు రంగుల్లో దించుతూ, ఇంకోపక్క రాగి రేకు మీద గాడిదలకు కోట్లు తొడిగిన మనిషి. ఈయన్ని పిరికివాడు అనాలో గుండెలు తీసిన బంటు అనాలో మీరే తేల్చుకోండి.

మీకు పనికొచ్చేవి 37 నుంచి 42 దాకా ఉన్న ఆరు ప్లేట్లు. అన్నీ గాడిదలే. 37లో ముసలి గాడిద పంతులు పిల్ల గాడిదకు పుస్తకంలో ‘అ’ అక్షరం చూపిస్తుంటాడు. 38లో కోతి గిటారు వాయిస్తుంటే గాడిద పరవశించి వింటుంది, వెనక మనుషులు చప్పట్లు కొడుతుంటారు. గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన అని మనం ఊరికే అనలేదు. 41లో కోతి గాడిద బొమ్మ గీస్తుంటుంది, అది గోయా తన వృత్తికి తనే పెట్టుకున్న చురక. 39లో ఒక గాడిద బల్ల ముందు కూర్చుని పుస్తకం తెరిచి చూపిస్తుంటుంది, అది తన వంశావళి. పుట నిండా వరసలు కట్టిన గాడిదలే. కింద శీర్షిక: ‘తాత దాకా’.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది 40. మంచం మీద రోగి చావుబతుకుల్లో ఉన్నాడు. పక్కన కోటు తొడుక్కున్న గాడిద వైద్యుడు నాడి చూస్తున్నాడు. శీర్షిక: ‘ఇతను ఏ జబ్బుతో చస్తాడో?’ ఆ ముందుకాలు రోగి చేతి మీద ఎలా ఉందో ఒకసారి పెద్దది చేసి చూడండి. ఎంత సుతారంగా, ఎంత శ్రద్ధగా! అందులో వెటకారం వెతికినా కనిపించదు. ఆ గాడిద నిజంగానే తను వైద్యుడినని నమ్ముతోంది. మాడ్రిడ్ ప్రాడో మ్యూజియంలో ఈ ప్లేట్ల మీద పాత చేతిరాత వ్యాఖ్యానం ఒకటుంది. అందులో ఈ బొమ్మ గురించి రాసింది దాదాపుగా ఇది: వైద్యుడు చాలా మంచివాడు, ఆలోచనాపరుడు, నిదానస్తుడు, గంభీరుడు, ఇంకేం కావాలి? అంతే. గాడిద అన్న మాటే ఎత్తలేదు.

మీ గాడిదను పక్కన పెట్టి చూడండి. అది ఎక్కడా గాడిదలా కూర్చోలేదు. మనిషి ఒంటికి గాడిద ముఖం తొడిగారు. భుజాలు మనిషివి, మైకు పట్టిన తీరు మనిషిది. అది మాస్కు అయింది, గాడిద కాలేదు. అన్యాపదేశంలో ఎంచుకున్న జంతువు ముందు జంతువుగా నిలబడాలి. చూసేవాడు దాన్ని గాడిదగా నమ్మాక, దాని బరువూ చెవులూ కళ్ల కింద ముడతలూ ఒప్పుకున్నాక, అప్పుడు వాడికి వాడే “అరే, ఇది మన...” అనుకోవాలి. ఆ ‘మన’ తరవాతి పేరు మీరు చెప్పకూడదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. కాప్రిచోస్‌కు పాత వ్యాఖ్యానాలు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ప్రాడోలో ఉన్నది పెద్దమనిషి తరహాది. వంశావళి గాడిద గురించి, పాపం ఈ జంతువుకు వంశచరిత్రలు రాసేవాళ్లు పిచ్చెక్కించారు, ఇదొక్కటే కాదులెండి అని ఊరుకుంటుంది. అయాలా ప్రతి అని పిలిచే ఇంకో వ్యాఖ్యానం, స్పెయిన్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న మరొకటి అలా కాదు, పేర్లు పెట్టేస్తాయి. రాజుగారి కాపలాదళంలోంచి లేచి ఇరవై అయిదేళ్లకే ప్రధానమంత్రి అయిన మాన్యుయెల్ గోదోయ్‌ను ఆ గాడిదలో చూశారు అప్పటి జనం. 55వ ప్లేటులో అద్దం ముందు అలంకరించుకుంటున్న పండు ముసలామె రాణిగారేనన్నారు కొందరు, కాదు ఫలానా ప్రభువుగారి తల్లి అన్నారు ఇంకొందరు. ఒకే బొమ్మకు ఇన్ని తాళంచెవులు. పత్రికా ప్రకటనలో గోయా ముందే రాయించాడు: ఇందులో ఏ ఒక్క వ్యక్తి లోపాలనూ ఎగతాళి చెయ్యలేదు, మనుషులందరిలో ఉండే తప్పుల్నీ మూర్ఖత్వాలనే ఎంచుకున్నాను అని. ఇది తప్పించుకునే మాట అని చాలామంది అంటారు. తప్పించుకోవడం కొంత ఉంది, కాదనను. కానీ అది పని తెలిసినవాడి మాట కూడా. ఒక్క తాళంచెవికే తెరుచుకునే బొమ్మ, ఆ మనిషి పోగానే తుప్పు పట్టిపోతుంది.

దీనికి నా సొంత అనుభవం చెబుతాను. చదువుకునే రోజుల్లో ఒక ఎన్నికల సీజన్లో గండుపిల్లి బొమ్మ చెక్కాను. ముక్కూ మీసాలూ అచ్చం అప్పటి ఒక నాయకుడివే. హాస్టల్లో ప్రింట్లు చేతులు మారాయి, గోడలకెక్కాయి. నేను రెండు వారాలు కాలరెగరేసుకు తిరిగాను. మూడేళ్లకు ఆయన ఓడిపోయాడు. నాలుగో ఏడాది కొత్త బ్యాచ్ పిల్లవాడు ఆ ప్రింట్ చూసి “సార్, పిల్లి బాగుంది, మీదేనా?” అని అడిగాడు. అంటే నేను పెంచుకునే పిల్లా అని!

ఆ తరవాత చాలాకాలానికి మా ఊళ్లో కరువొచ్చిన ఏడు ఒక ప్లేటు చేశాను. బావి దగ్గర బిందెలతో ఆడవాళ్ల వరస. ఆ వరసలో మూడో స్థానంలో ఒక మొసలి. అది కూడా బుద్ధిగా తన వంతు కోసం ఎదురుచూస్తోంది. మొదటి పరీక్ష అచ్చు, అంటే ప్రూఫ్‌లో మొసలి మెడలో కండువా వేశాను, మీలాగే. ప్రూఫ్ గోడకు పెట్టి రెండ్రోజులు చూశాను. ఏదో కుదరలేదు. మొసలి ఎవరో నేనే చెప్పేస్తున్నాను, ఇక బొమ్మ చూసేవాడికి పనేముంది? స్క్రేపర్ తీసుకుని కండువా గీకేశాను. పూర్తిగా పోలేదు, మెడ మీద చిన్న నీడలా మిగిలింది, సరేలే అనుకున్నాను. ప్రింట్ ఊరికి తీసుకెళ్లి అరుగు మీద పెడితే, ఒకాయన “ఇది బోరు రిగ్గు ఓనరు” అన్నాడు. ఇంకొకాయన “కాదెహె, పాత కరణం” అన్నాడు, కరణాలు పోయి ఎన్నేళ్లయిందో ఆయనకు పట్టలేదు. మా మేనత్త చాలాసేపు చూసి “అచ్చం మా మరిదే” అని లోపలికెళ్లిపోయింది. ఆ రోజు నాకు తెలిసింది కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

కండువా తీసేయడం నేను కనిపెట్టిన విద్య కాదు. గోయా పని పొడవునా అదే కనిపిస్తుంది. మీకు బాగా తెలిసిన 43వ ప్లేటు చూడండి. చిత్రకారుడు బల్ల మీద తలవాల్చి ఉంటాడు, వెనక గుడ్లగూబలూ గబ్బిలాలూ ముసురుతుంటాయి, కింద మూల లింక్స్ అనే ఒక అడవిపిల్లి కళ్లు విప్పార్చి చూస్తుంటుంది. దాని చిత్తు బొమ్మల్లో మొదటిదాంట్లో ఆ కల మధ్యలో గోయా సొంత ముఖం కూడా ఉంది. ప్రింట్‌కు వచ్చేసరికి తీసేశాడు. 1797 నాటి రెండో చిత్తులో బల్ల మీద, ‘విశ్వభాష, గీసి చెక్కినది గోయా’ అని రాసుకుని, కింద తన ఉద్దేశమేమిటో వివరం కూడా పెట్టాడు. అవీ పోయాయి. చివరికి మిగిలింది ఒకే వాక్యం, అదీ రెండర్థాలది. అందులోని ‘సుయెన్యో’ అంటే నిద్ర, కల కూడా. వివేకం నిద్రపోతే రాక్షసులు పుడతారా, వివేకం కనే కలే రాక్షసుల్ని పుట్టిస్తుందా? రెండు వందల ఏళ్లుగా జనం తగువులాడుకుంటున్నారు. ఒక గుడ్లగూబ మాత్రం ఆ నిద్రపోతున్న మనిషికి గీసే పుల్లను అందిస్తోంది, గమనించారా? రాక్షసులే వచ్చి పనిచెయ్యమంటున్నారు. ఈ ఒక్క వివరం మీద నేను ఒక క్లాసు మొత్తం మాట్లాడిన రోజులున్నాయి.

ఇంకొకటి. నెపోలియన్ సైన్యంతో జరిగిన యుద్ధం మీద ఆయన చేసిన ప్లేట్లలో 77వది, ‘తాడు తెగబోతోంది’. ముడులేసిన తాడు మీద ఒక మతగురువు చేతులు చాచి నడుస్తున్నాడు, కింద జనం. దీని చిత్తులో ఆ మనిషి తల మీద పోపుగారి కిరీటం ఉంది. ప్లేటు మీద లేదు. భయపడి తీసేశాడా, బొమ్మ పెద్దదవుతుందని తీసేశాడా? నాకు రెండూ ఒకటే. కిరీటం ఉంటే అది పోపుగారి కథ. లేకపోతే, కాలికింద తాడు తెగుతున్నా దీవిస్తూ నడిచే ప్రతివాడి కథ.

ఇక మీ మాస్టారి మాట. అన్యాపదేశం భయానికి పుట్టిందన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. మన ఆలంకారికులు దీనికి పేరు పెట్టినప్పుడు కూడా, తుమ్మెదతోనో ఏనుగుతోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ రాజుకు తగిలేలా చెప్పడమే అందులో మజా. ఇంట్లో పిల్లిని తిడుతున్నట్టు తిట్టి ఇంకెవరికో తగిలించే విద్య మన ఆడవాళ్లకూ మగవాళ్లకూ పుట్టుకతో వచ్చిందే. కానీ జంతువు వేషం ఎప్పుడూ కాపాడుతుందనుకుంటే పొరపాటు. ఫ్రాన్స్‌లో దోమియే అనే వ్యంగ్య చిత్రకారుడు 1831లో రాజు లూయీ ఫిలిప్‌ను గార్గాంత్వా అనే తిండిపోతు రాక్షసుడిగా, రాతి మీద గీసి అచ్చుతీసే లిథోగ్రాఫ్‌లో గీశాడు. జనం బుట్టలతో నాణేలు మోసుకుంటూ, నోట్లోకి వేసిన పలక మీదుగా ఎక్కి పోస్తుంటారు. కుర్చీ కిందనుంచి పదవుల కాగితాలు రాలుతుంటాయి. ఆ కుర్చీ ఏ పనికి వాడేదో విడమరిచి చెప్పక్కర్లేదు. అది కూడా అన్యాపదేశమే. ఫలితం, ఆరు నెలల జైలు, 500 ఫ్రాంకుల జరిమానా. ఆయన పత్రిక యజమాని ఫిలిపాన్ అదే ఏడాది కోర్టులో నిలబడి, రాజుగారి ముఖం నాలుగు బొమ్మల్లో బేరిపండుగా ఎలా మారుతుందో గీసి చూపించి, ఇక బేరిపండ్లన్నిటినీ అరెస్టు చేస్తారా అని వాదించాడు. కేసు ఓడిపోయాడు, బేరిపండు మాత్రం పారిస్ గోడలన్నిటికీ ఎక్కింది.

1835లో ఫ్రాన్స్ ఒక చట్టం తెచ్చింది. దాని ప్రకారం బొమ్మ అచ్చు వెయ్యాలంటే ముందుగా అనుమతి కావాలి, మాటలకు అక్కర్లేదు. బొమ్మంటే రాజ్యానికి ఎంత భయమో చూడండి, చదువురానివాడికి కూడా అర్థమైపోతుందని. దాంతో దోమియే రాజును వదిలి, రొబేర్ మకేర్ అనే ఒక మోసగాడి పాత్ర పట్టుకున్నాడు. కంపెనీలు పెట్టి వాటాలమ్మేవాడూ, వకీలూ, వైద్యుడూ అన్నీ వాడే. వంద ప్రింట్లు చేశాడు. గార్గాంత్వాను చూస్తే ఇవాళ ఫుట్‌నోటు కావాలి. మకేర్‌ను చూస్తే అక్కర్లేదు, మొన్ననే మనకు ఫోన్ చేసి ప్లాటు అమ్మజూపిన గొంతు గుర్తొస్తుంది. చట్టానికి థ్యాంక్స్ చెప్పాలని కాదు నేననేది. పేరు పోయాక బొమ్మకు ఎక్కడలేని ఆయుష్షు వచ్చింది, అది గమనించమంటున్నాను.

గోయా సంగతేమైందో కూడా చెప్పేస్తాను. ఆయనే తరవాత రాసిన ఉత్తరం ప్రకారం సంపుటాలు జనానికి అమ్మింది రెండే రోజులు, పోయినవి 27. 1803లో ప్లేట్లనూ మిగిలిన 240 సంపుటాలనూ రాజుగారికే అప్పగించి, బదులుగా కొడుకుకు పింఛను అడిగాడు. రాజుగారు పుచ్చుకున్నారు, కొడుక్కి ఏడాదికి 12,000 రియాల్లు ఇచ్చారు! తన కొలువులో ఉన్నవాళ్లను గాడిదలుగా గీసిన రేకుల్ని తనే దాచిపెట్టాడన్నమాట. ముసలితనంలో బోర్దో నుంచి రాసిన ఇంకో ఉత్తరంలో, అంత చేసినా నా మీద చర్చి విచారణ కోర్టైన ఇన్‌క్విజిషన్‌కు ఫిర్యాదు చేశారని గొణుక్కున్నాడు. ఆ ప్లేట్లు ఇప్పటికీ మాడ్రిడ్‌లోని కాల్కోగ్రఫియా అనే రాగిరేకుల ముద్రణాలయంలో ఉన్నాయి. పాపం, 1937 దాకా పన్నెండు సార్లు అచ్చేశారు. ఆక్వాటింట్ ఎంత త్వరగా అరుగుతుందో మీకు తెలుసు, చివరి అచ్చుల్లో ఆ నలుపు చచ్చిపోయింది. ఇంటర్నెట్‌లో బొమ్మలు చూసేటప్పుడు ఏ ఎడిషనో చూసుకోండి. మొదటి ఎడిషన్లో 32వ ప్లేటు చూడండి, గీత అన్నదే లేదు, మొత్తం ఆక్వాటింటే. జైలుగదిలో కూర్చున్న ఆడమనిషి, చుట్టూ చీకటి. మీ చేతికి ఉన్న గుణానికి పాఠం అక్కడుంది.

ఒక అపోహ కూడా తీసెయ్యాలి. ప్రింట్ అంటే పేదల కళ, అందుకే గోయా ఎంచుకున్నాడు అని వ్యాసాల్లో రాస్తుంటారు. 320 రియాల్లంటే ఒక ఔన్సు బంగారు నాణెం. కూలివాడు కొనే సరుకు కాదది, ఆయన కొనుగోలుదారులు చదువుకున్న కలవాళ్లు. చవక కాగితాల మీద పుర్రెలూ ఎముకల గూళ్లూ అచ్చేసి నిజంగా వీధిలో అమ్మింది మెక్సికోలో పొసాదా అనే చిత్రకారుడు, అదీ ఇంకో వందేళ్ల తరవాత.

మీ మాస్టారి మాటలో నిజమైన సగం ఇది: సూటిగా చెప్పాల్సిన సందర్భాలున్నాయి. గోయాయే నెపోలియన్ సైన్యం వచ్చాక గాడిదల్ని పక్కన పెట్టేశాడు. ఆ యుద్ధం ప్లేట్లలో శవాలు శవాలే, ఆకలి ఆకలే. 44వ దాని కింద రాసింది ఒకే మాట: ‘నేను చూశాను’. రాగి దొరక్క, తను అంతకుముందు చేసిన ప్రకృతి దృశ్యాల ప్లేట్లను నరికి వెనకవైపు వాడుకున్నాడు. యుద్ధం అయిపోయి 1814లో ఫెర్నాండో రాజు తిరిగొచ్చి, రాజ్యాంగాన్ని రద్దుచేసి, ఇన్‌క్విజిషన్‌ను మళ్లీ నిలబెట్టాక, అదే వరసలో చివరి ప్లేట్లకు మళ్లీ జంతువులొచ్చాయి. తోడేలు కూర్చుని కాగితం మీద రాస్తుంటుంది, ‘దౌర్భాగ్యపు మానవజాతీ, తప్పు నీదే’ అని. సత్యం అనే ఆడమనిషిని పూడ్చిపెడుతుంటారు, పక్క ప్లేటులో ఆమె మళ్లీ లేస్తుందా అని ప్రశ్న. కత్తితో పొడిచేవాణ్ని కళ్లతో చూడొచ్చు, చూసింది చూసినట్టు గియ్యాలి. పోయిన స్వేచ్ఛకు ముఖం ఉండదు కదా, దానికి తోడేలు కావాలి. దోమియే కూడా 1834లో త్రాన్స్‌నొనేన్ వీధిలో సైనికులు చంపిన కుటుంబాన్ని గీసినప్పుడు బేరిపండు వాడలేదు. మంచం పక్కన రాత్రి చొక్కాతో పడున్న మనిషి, వాడి ఒంటి కింద పసిబిడ్డ. అంతే.

మన దేశంలోనూ ఈ రెండు దారులూ ఉన్నాయి. 1943 బెంగాల్ కరువును చిత్తప్రసాద్ ఊరూరా తిరిగి గీసిందాంట్లో మారువేషం లేదు, ఎముకలు కనిపించే మనుషులే. ‘హంగ్రీ బెంగాల్’ అనే ఆ పుస్తకం ప్రతుల్ని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని కాల్చేసింది. అంతకు పాతికేళ్ల ముందు, 1917 ప్రాంతంలో గగనేంద్రనాథ్ ఠాగూర్ వేసిన లిథోగ్రాఫుల్లో ‘జాతాసుర’ ఒకటి. పెద్ద తిరగలి, పైన పురోహితుడు, మధ్యలో నలిగిపోతున్న జనం. బెంగాలీలో తిరగలిని జాఁతా అంటారు, కులానికి జాతి అన్న మాట ఉండనే ఉంది, ఆ శ్లేషలోనే బొమ్మంతా ఉంది. సోమనాథ్ హోర్ అనే ప్రింట్ కళాకారుడు రెండు దారులూ నడిచాడు. బెంగాల్ తెభాగా ఉద్యమపు కౌలు రైతుల్ని మొదట నేరుగా గీశాడు, వుడ్‌కట్లు చెక్కాడు. 1970ల్లో చేసిన ‘ఊండ్స్’లో మనిషే లేడు. తెల్ల కాగితపు గుజ్జు, దాని మీద తెల్లటి గాట్లు. నేను మొదటిసారి ఒకటి దగ్గర్నుంచి చూసినప్పుడు వేలితో ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మరి మీ బొమ్మ ఏ దారి? మీరు రాసింది చదివితే, మీకు ఒక ఫలానా నాయకుడి మీద కోపం లేదు. అంతా తెలిసీ తల ఊపే మంద మీద ఉంది. అది ముఖంలేని సంగతే, కాబట్టి అన్యాపదేశమే సరైన దారి. కానీ చిక్కేమిటంటే బొమ్మలో మీ కోపం గాడిద మీదకు పోయింది. చూసేవాడు తను గాడిద కాదు కాబట్టి హాయిగా నవ్వుకుని వెళ్లిపోతాడు. మీమ్ చేసే పని అదే. గోయా 42వ ప్లేటులో ఇద్దరు మనుషులు నడుం వంగిపోయి గాడిదల్ని వీపున మోస్తుంటారు. మోసేవాణ్ని కాదని ఎవడు చెప్పుకోగలడు? ఫ్లాండర్స్ చిత్రకారుడు బ్రూగెల్ గీయగా 1557లో అచ్చయిన ‘పెద్ద చేపలు చిన్న చేపల్ని మింగుతాయి’ చూడండి. మన మత్స్యన్యాయమే, కొత్తదేం కాదు. ఒడ్డున కొండంత చేప, దాని పొట్ట కోస్తే చేపలు, వాటి నోళ్లలో ఇంకా చేపలు. (దాని మీద బ్రూగెల్ పేరుండదు, అప్పటికి నలభై ఏళ్ల కిందట పోయిన పేరున్న చిత్రకారుడు బాష్ పేరుంటుంది, అమ్ముడుపోతుందని. వ్యాపారులు ఎప్పుడూ వ్యాపారులే.) కింద పడవలో ఒక తండ్రి కొడుకు భుజం పట్టుకుని ‘అదిగో చూడు’ అంటున్నాడు. ఆ పడవ కూడా చేపలు పట్టడానికి వచ్చిందే! చూసేవాడికి కూర్చోడానికి ఆ పడవలో చోటిచ్చాడు. మీ బొమ్మలో చూసేవాడికి చోటెక్కడ? గొర్రెల్లో ఒకటి మనవైపు తిరిగి చూస్తే ఎలా ఉంటుంది? ఊరికే అంటున్నాను, మీకు నచ్చితేనే.

శీర్షిక సంగతి ఒక్క మాట. మీరు ‘నేటి ప్రజాస్వామ్యం’ అని పెట్టారు. బొమ్మ చెప్పిందే మళ్లీ చెప్పే శీర్షిక దండగ. గోయా 42వ దానికి పెట్టిన పేరు సగం సామెత: ‘నీకే చేతకాదు...’ అని. మిగతా సగం, ‘నన్ను వీపున మొయ్యి’ అన్నది, అక్కడివాళ్లు నోట్లోనే పూర్తిచేసుకుంటారు. మనకూ అలాంటివి కోకొల్లలు. ‘ఆడలేక...’ అని ఆపితే మద్దెల సంగతి ఎవరికి తెలియదు? సామెతలో మీ మంద ఎక్కడుందో వెతకండి. అత్తగారి కబుర్లలో దొరుకుతుంది, డిక్షనరీలో దొరకదు.

ఇక చేతిపని. కుర్చీ మీది అక్షరాలు తిరగేసి చెక్కడానికే రెండు రోజులు పట్టిందన్నారు. తెలుగు గుణింతాలు అద్దంలో రాయడమెంత నరకమో నాకు తెలుసు, ఒకసారి నేను ‘ళ’ను తిప్పడం మరిచి ఎడిషనంతా పారేశాను. అయినా అవి పోవాల్సిందే. కండువాతో పాటే. మీ గీతలు లోతుగా తిన్నాయి కాబట్టి రుద్ది నున్నగా చేసే బర్నిషర్ ఒక్కటే సరిపోదు. ముందు పదునైన స్క్రేపర్‌తో, ఒకే దిక్కుకు కాకుండా అడ్డంగా నిలువుగా మార్చిమార్చి గీకండి. తరవాత ఒక చుక్క నూనె వేసి బర్నిషర్‌తో రుద్దండి. అక్కడ గుంట పడితే ప్లేటు బోర్లించి, కింద నున్నటి ఇనుపదిమ్మ పెట్టి, వెనకనుంచి చిన్న సుత్తితో తట్టి పైకి తేవాలి. లేకపోతే సిరా ఆ గుంటలో నిలబడి మరకలా అచ్చవుతుంది. కుర్చీ వీపు మీద మళ్లీ టోన్ కావాలంటే కొత్తగా రోజిన్ (చెట్టు బంక) పొడి చల్లుకోండి, మూతికి మాస్కు మరవకండి. జింకు మీద నైట్రిక్ యాసిడ్ పలచగానే ఉంచి కిటికీలు తెరవండి. మా తరం అవి పట్టించుకోకే ఇప్పుడు దగ్గుతోంది.

గీకేముందు ఇప్పుడున్న స్థితిలో రెండు ప్రూఫులు తీసి దాచుకోండి. గాడిద భుజాలు తిరగగీయాలనుకుంటే, ఆ పని ప్లేటు మీద మొదలుపెట్టకండి. ఊళ్లో ఎక్కడైనా చాకిరేవు గాడిదలు మిగిలుంటే, లేకపోతే ఇటుకల బట్టీల దగ్గర, పొద్దున్నే వెళ్లి ఓ వారం పెన్సిల్‌తో గీయండి. అది కూర్చునేది ఎలాగో, మోతబరువు దించాక మెడ ఎలా వాలుస్తుందో చూడండి. తరవాతి ప్రూఫ్ తీశాక ఫోటో పెట్టండి. ఈసారి ఫ్లాష్ వేయకుండా, కిటికీ పక్కన.